టీచర్ల సర్వేలో అందరూ 'చాలా బాగుంది' అనే టిక్ పెడుతున్నారు, ఫారం ఎలా మార్చాలి?

హనుమకొండ, ములుగు జిల్లాల ప్రాథమిక బడుల్లో మీ సంస్థ కథల పుస్తకాలతో చదివించే కార్యక్రమం నడుపుతోంది, టీచర్లకు గూగుల్ ఫారం పంపితే దాదాపు అందరూ 'పూర్తిగా ఏకీభవిస్తున్నాను' అనే నొక్కారు, ఇప్పుడేం చేయాలి అని కదా అడిగారు. ములుగు, భూపాలపల్లి వైపు ఇలాంటి ఫారాలు పట్టుకుని కొన్నాళ్లు తిరిగినవాణ్ని కాబట్టి చెప్తున్నా.

ముందు ఆ ఫారం టీచరు దాకా ఎలా వెళ్లిందో చూడండి. ఎంఈవో (మండల విద్యాధికారి) గారి వాట్సాప్ గ్రూపులో 'సాయంత్రం లోపు నింపాలి' అని లింకు పడితే, టీచరుకు అది పైనుంచి వచ్చిన ఇంకో రిపోర్టు, అంతే. బాగాలేదని రాసి లేని టెన్షన్ ఎందుకు తెచ్చుకుంటారు? చుట్టుపక్కల బడుల టీచర్లంతా కలిసే కాంప్లెక్స్ మీటింగ్‌లో కాగితం మీదే ఇవ్వండి, మడిచి డబ్బాలో వేయమనండి. ఆ సమయంలో మీ సిబ్బంది గదిలో ఉండకపోతే మంచిది. పేరు అడగలేదు కదా అని ధీమాగా ఉండకండి. బడి పేరు, మగా ఆడా, ఎన్నేళ్ల సర్వీసు అని మూడు అడిగితే చాలు, మండలంలో ఎవరైనా ఆ మనిషి ఎవరో చెప్పేస్తారు. లెక్క వేసేటప్పుడు నిజంగా వాడుకునే వివరం ఉంటేనే అడగండి. నా వరకైతే తరగతులు, టీచర్ల సంఖ్య తప్ప ఇంకేమీ అక్కర్లేదు.

ఇక ప్రశ్నల సంగతి. 'పిల్లలకు చదవడంపై ఆసక్తి, ధారాళత పెరిగాయి' అని ఒకే వాక్యంలో రెండు విషయాలు పెడితే, ఒకటి పెరిగి ఇంకోటి పెరగనప్పుడు టీచరు ఏం టిక్ పెట్టాలి? ఏకీభవిస్తారా అని అడిగే పద్ధతి 1932లో రెన్సిస్ లైకర్ట్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పెట్టినది, అభిప్రాయాలు తెలుసుకోవడానికి పనికొస్తుంది. మీకు కావాల్సింది తరగతిలో ఏం జరిగిందన్నది. అలాంటప్పుడు 'పోయిన వారం ఎన్ని రోజులు పిల్లలు పుస్తకం పట్టుకుని చదివారు?' అని అడిగి, సున్నా నుంచి ఆరు వరకు అంకెలు ఇవ్వండి. సున్నా పెట్టడం తప్పేం కాదనిపించాలంటే పక్కనే కారణాలు కూడా పెట్టాలి: సర్దుబాటు మీద వేరే బడికి పంపారు, ఒక్కడినే ఐదు తరగతులు చూస్తున్నాను, పుస్తకాలు రాలేదు, వేరే డ్యూటీ పడింది. ఈ కారణాల గడిలోనే నాకు ఎక్కువ సమాచారం దొరికేది.

అయితే 'పోయిన వారం' ఏ వారమన్నది చూసుకోవాలి. 2024 నవంబరులో ఇంటింటి కుటుంబ సర్వేకు ఎస్‌జీటీలను (ప్రాథమిక బడుల టీచర్లను) పంపారు, ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. ఆ నెలలో అడిగితే ఏ కార్యక్రమమైనా ఫెయిలయినట్టే కనిపిస్తుంది. ములుగు వైపు మేడారం జాతర వారమూ అంతే.

కొత్త ఫారం అందరికీ పంచేముందు నలుగురైదుగురు టీచర్ల పక్కన కూర్చోండి. ప్రశ్న పైకి చదవమనండి, మనసులో ఏమనుకుంటున్నారో అదీ చెప్పమనండి. ఏటూరునాగారం దగ్గర ఒక ఏకోపాధ్యాయ బడిలో సారు 'లైబ్రరీ పీరియడ్‌లో...' అనే దగ్గరే ఆగి నవ్వారు. 'నాకు పీరియడ్లు ఎక్కడివి సార్, ఒకటో తరగతి రాస్తుంటే ఐదో తరగతి చదువుతుంది' అన్నారు. ఆఫీసులో కూర్చుని ఎన్నిసార్లు దిద్దినా ఇది తేలేది కాదు. 'వర్తించదు' అనే గడి అప్పుడే చేర్చాం. దాన్ని మధ్యలో ఉండే 'చెప్పలేను'తో కలపకండి, రెండూ వేరు.

చివర్లో 'సూచనలు ఉంటే రాయండి' అంటే 'ఏమీ లేవు' అనే వస్తుంది. దాని బదులు 'రేపటి నుంచి ఈ కార్యక్రమంలో ఒక పని మానేయొచ్చంటే ఏది మానేస్తారు?' అని అడిగి చూడండి. ఫొటో తీసి గ్రూపులో పెట్టడం మానేస్తామని రాసేవాళ్లు చాలామంది ఉంటారు. మీకు కొంచెం గుచ్చుకోవచ్చు.

మీరు ఇప్పటికే బేస్‌లైన్ (కార్యక్రమానికి ముందటి సర్వే) తీసుకున్నారంటున్నారు కాబట్టి అన్నీ మార్చేయకండి. పోల్చి చూడాల్సిన మూడు నాలుగు ప్రశ్నలను అక్షరం కదపకుండా, అవే గడులతో, అదే వరుసలో ఉంచండి. ప్రశ్న మారితే తేడా కార్యక్రమం వల్ల వచ్చిందో ఫారం వల్ల వచ్చిందో తేలదు. ఫారం ఇచ్చే పద్ధతి మార్చినా ఇదే చిక్కు ఉంటుంది, ఆ మాట రిపోర్టులో రాసేయండి. పిల్లలకు చదవడం వచ్చిందా లేదా అన్నది మాత్రం టీచర్లను అడిగి తేల్చుకునేది కాదు. కొన్ని బడుల్లో పిల్లలతోనే చదివించండి, పుస్తకాలు ఇచ్చిన రిజిస్టరు కూడా తిరగేయండి.

తేదీ కూడా ముందే చూసుకోండి. మార్చి మధ్య నుంచి ఒంటిపూట బడులు, ఏప్రిల్‌లో ఎస్‌ఏ-2 (ఏడాది చివరి పరీక్షలు), జూన్‌లో పిల్లల్ని బడిలో చేర్పించే బడిబాట. హనుమకొండలో ఫిబ్రవరి బాగుంటుంది, ములుగులో జాతర ఏడాదైతే తేదీలు చూసుకుని అటూ ఇటూ జరపండి.