అండమాన్‌లో ఓపెన్ వాటర్ (స్కూబా డైవింగ్ తొలి కోర్సు) చేశాను, ఐస్‌లాండ్ సిల్ఫ్రా డైవ్‌కి హైదరాబాద్ నుంచి ఎలా ప్లాన్ చేసుకోవాలి?

హైదరాబాద్‌లోని డైవ్ సెంటర్ ద్వారా ప్యాకేజీ తీసుకోవాలా, అక్కడి సెంటర్‌తోనే మాట్లాడుకోవాలా అని కదా మీ సందేహం. అక్కడి వాళ్లతోనే మాట్లాడుకోండి. నేనూ అలాగే వెళ్లొచ్చాను. మిమ్మల్ని నీళ్లలోకి దింపాలా వద్దా అని తేల్చేది ఆ రోజు మీతో దిగే గైడే, మధ్యవర్తి కాదు.

సిల్ఫ్రా అంటే నేల చీలికలో నీళ్లు నిండిన చోటు. అక్కడి నీళ్లు ఏడాది పొడవునా 2 నుంచి 4 డిగ్రీలే. ఇంట్లోవాళ్లంతా ఆ చలి గురించే టెన్షన్ పడతారు గానీ, నీళ్లు లోపలికి రాని డ్రై సూట్ వేసుకుంటాం, ఒళ్లు తడవదు కాబట్టి చలిని ఎలాగోలా తట్టుకోవచ్చు. అసలు పేచీ ఆ డ్రై సూట్‌తోనే. డ్రై సూట్ సర్టిఫికేషన్ గానీ, లాగ్‌బుక్‌లో (చేసిన డైవ్‌లు రాసుకునే పుస్తకం) కనీసం 10 డ్రై సూట్ డైవ్‌లు గానీ లేకుండా అక్కడ దిగనివ్వరు. అండమాన్‌లో నేర్చుకున్న మనకి ఆ రెండూ ఎక్కడివి? అందుకే అక్కడి సెంటర్లలో డ్రై సూట్ కోర్సు, సిల్ఫ్రా డైవ్ కలిపి దొరుకుతాయి. అది బుక్ చేసుకోండి. లోతు 18 మీటర్లు దాటకూడదు కాబట్టి మీ ఓపెన్ వాటర్ కార్డు సరిపోతుంది.

దిగేకొద్దీ ఒత్తిడికి సూట్ ఒంటిని పిండేస్తుంది. ఛాతీ మీది వాల్వ్ నొక్కి లోపలికి గాలి పంపాలి. పైకొచ్చేటప్పుడు అదే గాలి ఉబ్బుతుంది, ఎడమ భుజం మీది వాల్వ్ లోంచి వదిలేయాలి. తల కిందికైతే గాలంతా పాదాల్లోకి చేరి కాళ్లు పైకి లేస్తాయి, భుజం వాల్వ్ కింద ఉండిపోతుంది కాబట్టి గాలి పోదు. అప్పుడు మోకాళ్లు ముడిచి, ఒక్క దొర్లు దొర్లి నిటారుగా అవ్వాలి. కోర్సులో ఇదే పదే పదే చేయిస్తారు, విసుక్కోకండి. నీళ్లు 100 మీటర్ల దాకా కనిపించేంత తేట, ఎంత లోతుకి వెళ్లామో కళ్లకి అంచనా అందదు. లోతు చూపించే డైవ్ కంప్యూటర్ చూసుకుంటూ ఉండాలి.

మరి హైదరాబాద్ సెంటర్ ఎందుకంటే, స్విమ్మింగ్ పూల్‌లో పాత పాఠాలు మళ్లీ ప్రాక్టీస్ చేసే రిఫ్రెషర్‌కి. బోయన్సీ, అంటే మునగకుండా తేలకుండా నిలబడటం, సరిచూసుకోండి. మందపాటి గ్లౌజులు దొరికితే వేసుకుని మాస్క్‌లో నీళ్లు తీయడం, బటన్లు వెతకడం ప్రాక్టీస్ చేయండి. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికి అందించే పరికరం) మాత్రం ఇక్కడి నుంచి మోసుకెళ్లొద్దు. అంత చల్లటి నీళ్లలో మామూలువి గడ్డకట్టి గాలి ఆగకుండా తన్నేస్తాయి, అక్కడ చలికి తగ్గవి ఇస్తారు.

నీళ్లలో నాకు బయట ఉన్నవి పెదాలే. కాసేపటికే మొద్దుబారాయి, రెగ్యులేటర్ నోట్లో ఉందో లేదో నాలుకతో తడిమి చూసుకున్నాను. పొడుగు జుట్టుంటే ఒక్క వెంట్రుక కూడా మెడ సీల్ కిందికి పోకుండా హుడ్‌లోకి దోపాలి, లేదంటే ఆ సందులోంచే నీళ్లు దిగుతాయి. గాజులు, కడియం, వాచీ ముందే తీసేయండి. ఉదయం చాయ్ ఒక్క కప్పుతో ఆపండి, సూట్ ఎక్కాక బాత్రూమ్ మాట మర్చిపోవాల్సిందే!

ఐస్‌లాండ్‌కి కావాల్సిన షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచే దరఖాస్తు పెట్టొచ్చు. దానికి కావాల్సిన 30,000 యూరోల ఇన్సూరెన్స్‌లో డైవింగ్ కవర్ అవుతుందో లేదో పాలసీ చదివి చూడండి, లేకపోతే డైవర్ ఇన్సూరెన్స్ విడిగా తీసుకోండి. మెడికల్ ఫారం ముందే తెప్పించుకోండి. ఆస్తమా లాంటివాటికి 'అవును' అని రాయాల్సొస్తే డాక్టర్ సంతకం ఇక్కడే చేయించుకోవడం సులువు. డైవ్‌లు ట్రిప్ మొదట్లో పెట్టుకోండి, తిరుగు ఫ్లైట్‌కి కనీసం 18 గంటల ముందు ఆఖరి డైవ్ అయిపోవాలి.

మెయిల్‌లో మీ ఎత్తు, బరువు, చెప్పుల సైజు, చివరిసారి ఎప్పుడు డైవ్ చేశారో రాయండి. ఒక్కో గైడ్‌తో ఎంతమంది దిగుతారు, వాతావరణం వల్ల క్యాన్సిల్ అయితే డబ్బు వెనక్కి ఇస్తారా, కోర్సులో గైడ్‌కి నమ్మకం కుదరకపోతే సిల్ఫ్రా డబ్బు ఏమవుతుంది, ఈ మూడూ అడగండి. మూడోదానికి సూటిగా జవాబిచ్చిన సెంటర్‌కే నేను అడ్వాన్స్ కట్టాను.