కానుగ ఆగస్టులోనే ఆకు రాలుస్తోందా? కొట్టించే ముందు కొమ్మ గీకి చూడండి

నెల రోజులుగా వాన చుక్క లేదని, విజయనగరంలో మీ ఇంటి ముందున్న ఎనిమిదేళ్ల కానుగ ఆగస్టులోనే పసుపు తిరిగి ఆకు రాల్చేస్తోందని, "అది పోయింది, కొట్టించేయండి" అని పక్కింటివాళ్లు అంటున్నారని రాశారు. తొందరపడి కొట్టించకండి. నాకైతే అది పోయినట్టు అనిపించడం లేదు. ఎందుకో చెబుతాను, నేను చేసిన తెలివితక్కువ పనులతో సహా.

మాది చీపురుపల్లి దగ్గర. 2023 ఆగస్టు గుర్తుండే ఉంటుంది. దేశం మొత్తం మీద 36 శాతం లోటు, 1901 నుంచి చూస్తే అంత పొడి ఆగస్టు ఇంకొకటి లేదు. ఆ ఏడాది శ్రావణాలు రెండొచ్చాయి గానీ, జూలై చివరి వానల తర్వాత మబ్బు పట్టడం, గాలికి పోవడం, అంతే. ఎండాకాలమంతా పచ్చగా నిలబడ్డ మా వాకిట్లో కానుగ అప్పుడు రాల్చడం మొదలుపెట్టింది. అమ్మ పొద్దున్నే ఊడిస్తే రెండు గంపల ఆకు. కాఫీ తాగేలోపు వాకిలి మళ్లీ మామూలే. కానుగ ఏటా ఎండలు ముదిరే ముందు ఒకసారి ఆకు మార్చుకుంటుంది, వెంటనే చిగురు వేస్తుంది. ఆగస్టులో ఇలా ఎప్పుడూ చూడలేదు కాబట్టి నాకు టెన్షన్ పట్టుకుంది.

టెన్షన్‌లో ఏం చేశానంటే, బలం తగ్గిందేమో అనుకుని చెట్టు మొదట్లో నాలుగు దోసిళ్ల యూరియా చల్లాను. రోజూ సాయంత్రం మాను మీద పది నిమిషాలు పైపు పట్టాను. పది రోజులు తిరక్కుండానే మిగిలిన ఆకుల అంచులు కూడా కాలినట్టు గోధుమరంగులోకి మారాయి.

మా వీధిలో నర్సరీ పని చేసిన తాత ఒకాయన ఉన్నాడు. చూసి, "ఏటి బాబూ, దాహంతో ఉన్నోడికి నీళ్లివ్వకుండా ఉప్పు పెట్టావు" అన్నాడు. నిజానికి జరిగింది అదే. తడి లేని మట్టిలో ఎరువు వేస్తే అక్కడ లవణాల గాఢత పెరిగి, వేరు పీల్చుకోవాల్సిన ఆ కాస్త నీరు కూడా దానికి అందదు. పైగా నత్రజని కొత్త చిగురు వేయమని తొందరపెడుతుంది. నీళ్లే లేనప్పుడు చిగురు దేనికి?

తర్వాత తాత రెండు పనులు చేసి చూపించాడు. చిటికెన వేలంత కొమ్మ మీద గోటితో గీకాడు. పైపొర లేచి, కింద పచ్చగా, తడిగా కనిపించింది. "బతికే ఉంది" అన్నాడు. రాలిన ఆకు ఒకటి తీసి కాడ చివర చూడమన్నాడు. చింపినట్టు లేదు, బ్లేడుతో కోసినంత నున్నగా ఉంది. అది ఊడిన చోట కొమ్మ మీద చిన్న మచ్చ, అప్పటికే మూసుకుపోయి ఉంది.

ఆ మచ్చలోనే అసలు సంగతంతా ఉంది. ఆకు మీది సన్న రంధ్రాల్లోంచి చెట్టు నీటిని ఆవిరిగా వదులుతూ ఉంటుంది. వేరు తెచ్చేదానికన్నా పోయేది ఎక్కువైతే మొదట ఆ రంధ్రాలు మూసుకుంటుంది. అదీ చాలకపోతే కాడ మొదట్లో ఒక పొర కట్టి ఆకును తెంపేస్తుంది. సాధారణంగా లోపలి ముదురాకులు ముందు పోతాయి, కొమ్మ చివరి లేతాకులు మిగులుతాయి. ఈ పని బతికున్న కొమ్మ మాత్రమే చేయగలదు. చచ్చిన కొమ్మకు ఆకు రాల్చే ఓపిక ఉండదు, ఎండుటాకులు దానికే అంటుకుని వేలాడతాయి. అందుకే నేల మీద ఆకు చూసి భయపడనక్కర్లేదు, కొమ్మ మీద ఎండి ఊడకుండా ఉన్న ఆకు చూసి భయపడాలి. వేపచెట్లకు కొమ్మల చివర్లు మాడిపోయే శిలీంధ్ర తెగులు వచ్చినప్పుడు మీరు చూసే ఉంటారు, అది వేరే కథ. ఆకుల మీద తెల్లటి వంకర గీతలు, బుడిపెలు ఉంటే అవి పురుగుల పని, కానుగకు మామూలే.

ఇక నీళ్లు. తాత చెట్టు మొదట్లో గునపంతో గుచ్చాడు. నేను రోజూ పోసిన నీరు రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు, కింద ఎర్రమట్టి పొడిపొడిగా రాలింది. నీరు పీల్చే సన్నవేర్లు ఎక్కువగా పైన అడుగు, అడుగున్నర మట్టిలో, కొమ్మల నీడ అంచు వరకూ, ఇంకా అవతలికీ పాకి ఉంటాయి. మాను దగ్గర పోస్తే వాటికేం అందుతుంది? నీడ అంచు కింద చుట్టూ జానెడు వెడల్పున లోతులేని కాలువ తీసి, పది రోజులకోసారి పైపు సన్నగా వదిలి రెండు మూడు గంటలు ఉంచాం. మర్నాడు గునపం అడుగు లోతుకి సులువుగా దిగితే చాలినట్టు. ఊడ్చిన ఆకు తగలబెట్టడం మానేసి నాలుగు వేళ్ల మందాన అక్కడే పరిచాం, మానుకు మాత్రం ఆనకుండా.

మీరు రాయలేదు గానీ, చెట్టు చుట్టూ సిమెంటు చేయించారా? మా అప్ప పెళ్లికి పందిరి వేసినప్పుడు మేము గేటు వైపు చేయించాం. ఆకు ముందు పోయింది ఆ వైపే. పగలగొట్టించేసరికి ఆలస్యమై ఒక పెద్ద కొమ్మ దక్కలేదు. తుపానుకు ఒరిగిన చెట్టయినా ఇంతే. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఒరిగితే మా చిన్నాన్నవాళ్లు తాళ్లు కట్టి నిలబెట్టిన చెట్లున్నాయి. ఒక వైపు వేర్లు తెగినవి కదా, వరపు వస్తే ఇప్పటికీ ఊళ్లో అన్నిటికన్నా ముందు ఆకు రాల్చేవి అవే.

మీ గేటు పక్కనున్న బాదం కూడా రాలుస్తోందన్నారు. దాన్ని వదిలేయండి. బాదం ఏడాదికి రెండుసార్లు ఆకు ఎర్రబారి రాల్చుకుంటుంది, జనవరి ఫిబ్రవరుల్లో ఒకసారి, ఈ రోజుల్లో ఒకసారి.

ఇప్పుడు కొమ్మలు కూడా నరకొద్దు. మా కానుగ అక్టోబరులో చిగురేసింది, ఏది బతికిందో ఏది పోయిందో అప్పుడే తెలిసింది. ఆ ఎండు కొమ్మ ఒక్కటి సంక్రాంతి ముందు కోయించాం, భోగి మంటకు పనికొచ్చింది. మీరు రేపు పొద్దున్న నాలుగు వైపులా ఒక్కో కొమ్మ గీకి, ఎటువైపు పచ్చగా ఉందో, ఎటువైపు గోధుమరంగు వచ్చిందో రాయండి. గోధుమరంగు ఒక్క వైపే ఉంటే ఆ వైపు నేల మీద ఏముందో కూడా చెప్పండి.