అల్లుడూ, హైడ్రోజన్ సలహాకి బయల్దేరే ముందు ఇది చదువు

అల్లుడూ,

నువ్వు పంపిన స్లైడ్లన్నీ చూశాను. సైన్సు బాగుంది, బొమ్మలు ఇంకా బాగున్నాయి. చివర్లో "పరిశ్రమ, వ్యాపార నిపుణులను సంప్రదిస్తాం" అని ఒక్క లైను రాసి వదిలేశావు చూడు, ఈ లేఖ ఆ లైను గురించే. మీ ముగ్గురికీ కోడింగ్ వచ్చు, లెక్కలు వచ్చు, కానీ గ్యాస్ ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసినవాళ్లు మీలో ఎవరూ లేరు. కాబట్టి వేరుశనగ పొట్టు నుంచి హైడ్రోజన్ తీయాలన్న మీ ఆలోచన నిలబడుతుందా లేదా అన్నది చాలావరకు మీరు ఎవర్ని ఏం అడుగుతారన్న దాని మీదే ఉంది.

ఈ పని మొత్తం ఆ చివర నుంచి ఈ చివర దాకా తెలిసిన మనిషి దొరకడు, వెతకొద్దు. గ్యాసిఫయర్ (పొట్టు లాంటి సరుకును వేడితో గ్యాస్‌గా మార్చే మిషన్) తెలిసినాయనకి పావగడ మిల్లుల్లో పొట్టు రేటు తెలియదు, పొట్టు అమ్మేవాడికి సిలిండర్ రూల్స్ తెలియవు, ఆ రూల్స్ తెలిసినవాడికి బ్యాంకు ఏం అడుగుతుందో తెలియదు. ఒక్కొక్కరూ "చేయొచ్చు బాబూ, బాగానే ఉంటుంది" అంటారు, అబద్ధం కూడా చెప్పరు, కానీ ఆ మాట వాళ్ల ముక్క వరకే. అందుకని ఎవరి దగ్గరికి వెళ్లినా అభిప్రాయం అడగొద్దు. ఒక అంకె అడుగు, ఆ అంకె ఏ షరతు మీద నిజమో అడుగు. ఆ షరతును పట్టుకెళ్లి తర్వాతి మనిషి ముందు పెట్టు.

ఎలాగో చెప్తాను. గ్యాసిఫయర్‌లోంచి నేరుగా హైడ్రోజన్ రాదని నీకు తెలుసు. వచ్చేది సింగ్యాస్, అందులో హైడ్రోజన్‌తోపాటు కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్, కొంచెం మీథేన్, వాటితో పాటు తారు, దుమ్ము. దాన్ని కడిగి, షిఫ్ట్ రియాక్టర్‌లో మోనాక్సైడ్‌ని ఆవిరితో కలిపి ఇంకొంత హైడ్రోజన్ రాబట్టి, చివర్లో పీఎస్‌ఏ యూనిట్‌లో హైడ్రోజన్‌ని వేరు చేయాలి (ఒత్తిడి పెంచుతూ తగ్గిస్తూ వాయువుల్ని విడదీసే యూనిట్ అది). పీఎస్‌ఏ అమ్మేవాడిని "మీ యూనిట్ బయోమాస్ గ్యాస్‌కి పనికొస్తుందా" అంటే పనికొస్తుందనే అంటాడు, అతని ఉద్యోగం అది. "లోపలికొచ్చే గ్యాస్‌లో తారు, తేమ, సల్ఫర్ ఎంత దాటితే మీ వారంటీ చెల్లదు" అని అడుగు. అది మెయిల్‌లో రాయించుకో. అదే కాగితం గ్యాసిఫయర్ కంపెనీ ముందు పెట్టి, "మీ క్లీనింగ్ తర్వాత ఇంతకన్నా తక్కువే ఉంటుందని, మామూలుగా నడుస్తున్నప్పుడే కాదు, స్టార్ట్ చేసిన మొదటి గంటలో కూడా, 20 శాతం తేమ ఉన్న పొట్టుతో కూడా, రాసిస్తారా" అని అడుగు. అక్కడ నీళ్లు నమిలారంటే మీ డబ్బు ఎక్కడ పోతుందో తెలిసిపోయినట్టే. ఇద్దరూ మంచివాళ్లే, ఇద్దరి మిషన్లూ మంచివే, ఇబ్బంది ఉండేది ఆ రెంటినీ కలిపే పైపులో.

ఇక ఎవరి దగ్గరికి ముందు వెళ్లాలి? నువ్వు ప్రొఫెసర్లతో మొదలెట్టాలని చూస్తున్నావు. వద్దు. కొనేవాడితో మొదలెట్టు.

బెంగళూరు చుట్టుపక్కల ఈరోజు హైడ్రోజన్ వాడేవాళ్లు బస్సులవాళ్లు కాదు. లోహానికి హీట్ ట్రీట్‌మెంట్ చేసే షాపులు, మందుల కంపెనీలు, నూనెని వనస్పతి చేసేవాళ్లు, ఇలాంటివాళ్లు. పీణ్యలో తిరుగు, జిగణి, బొమ్మసంద్ర వైపు తిరుగు, హోసూరు దాకా వెళ్లు (పొద్దున ఏడు లోపల బయల్దేరు, ఆ తర్వాత ఆ రోడ్డు గురించి నీకు నేను చెప్పక్కర్లేదు). మేనేజింగ్ డైరెక్టర్ అపాయింట్‌మెంట్ కోసం నెలలు కూర్చోవద్దు, పర్చేజ్ చూసే మనిషినీ, గ్యాస్ మానిఫోల్డ్ (సిలిండర్లన్నిటినీ కలిపే పైపుల అమరిక) దగ్గర ఉండే సూపర్‌వైజర్‌నీ పట్టుకో. వాళ్లు కిలోల్లో మాట్లాడరు, క్యూబిక్ మీటర్లలో మాట్లాడతారు, కిలోకి 11, 12 క్యూబిక్ మీటర్లు వేసుకో. వాళ్ల మానిఫోల్డ్ దగ్గర ఒక సిలిండర్ ఎత్తి చూడు: 50 కిలోల పైన ఉండే ఇనప సిలిండర్‌లో ఉండేది కిలో కూడా ఉండదు, అర కిలో పైచిలుకు. హైడ్రోజన్ వ్యాపారంలో గ్యాస్ తయారీ ఎంతో రవాణా అంత అని ఏ రిపోర్టు చదివినా ఇంత బాగా అర్థం కాదు.

అక్కడ అడగాల్సినవి: నెలకి ఎంత కావాలి, ఏ ప్రెషర్‌లో, ఎంత ప్యూరిటీ, ఒకరోజు సప్లయ్ రాకపోతే ఏం చేస్తారు, ఇప్పటి కాంట్రాక్టు ఎప్పుడు ముగుస్తుంది. ప్యూరిటీ దగ్గర ఇంకాస్త తవ్వు. ఫ్యూయల్ సెల్‌కైతే (హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే పరికరం) ఐఎస్ఓ 14687 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం కార్బన్ మోనాక్సైడ్ 0.2 పీపీఎం దాటకూడదు, అంటే కోటి పాళ్లలో రెండు. అందరికీ అంత అక్కర్లేదు. అక్కర్లేనివాడికి అంత శుద్ధి చేసి ఇస్తే ఆ ఖర్చు ఎవరూ పెట్టుకోరు. ఇంకో ప్రశ్న, మీకు నచ్చని ప్రశ్న: "మీకు నిజంగా హైడ్రోజనే కావాలా, వేడి కావాలా?" వేడే కావాలంటే సింగ్యాస్‌నే బర్నర్‌లో కాల్చుకోవచ్చు, మధ్యలో ఈ షిఫ్టులూ పీఎస్‌ఏలూ దండగ. ఆ జవాబు వస్తే మీ ప్రాజెక్టు చిన్నదవుతుంది, కానీ బహుశా అదే నడిచే ప్రాజెక్టు.

తర్వాత పొట్టు. ఇందులో నీకు ఒక సౌకర్యం ఉంది, బాగేపల్లి, పావగడ వైపు వెళ్తే కర్ణాటకలోనే ఉన్నా ఊళ్లలో మాట తెలుగే, అనంతపురం మాట. వేరుశనగ మిల్లుల దగ్గర కూర్చో. పొట్టుకి ఇప్పటికే కొనేవాళ్లు ఉన్నారు: పొట్టుని నొక్కి దిమ్మలుగా చేసే బ్రికెట్ యూనిట్లు, బాయిలర్లవాళ్లు, ఇటుక బట్టీలవాళ్లు. "వ్యవసాయ వ్యర్థం" అని మీ స్లైడులో రాశావు కదా, మిల్లు ఓనర్ ముందు ఆ మాట అనకు, నవ్వుతాడు. ఆయన్ని అడగాల్సింది ఈరోజు రేటు కాదు. "రోజుకి ఒక టన్ను చొప్పున ఏడాదంతా నేనే కొంటానంటే, పంట లేని నెలల్లో ఏ రేటుకిస్తావు, ఎక్కడ నిల్వ పెడతావు, వాన పడితే తడిసిన సరుకు ఎవరిది" అని అడుగు. కిలో 5 రూపాయలనుకో. పది కిలోల పొట్టుకి కిలో హైడ్రోజన్ వస్తే పొట్టు ఖర్చే 50. రేటు 8 అయితే 80. పదికి బదులు పద్నాలుగు కిలోలు పట్టిందనుకో, 8 రూపాయల లెక్కన 112. కరెంటూ, ఆక్సిజనూ, జీతాలూ, వడ్డీ ఇంకా కలపలేదు. ఈ లెక్క నువ్వు చేసుకోవడం వేరు, మిల్లు ఓనర్ చెప్పిన రేట్లతో చేయడం వేరు.

సరుకు మారితే మిషన్ ప్రవర్తన కూడా మారుతుంది. వరి ఊకలో బూడిదే దాదాపు 20 శాతం, ఎక్కువగా సిలికా. వేరుశనగ పొట్టులో చాలా తక్కువ. మిల్లులోంచి అప్పుడే వచ్చిన చెరకు పిప్పిలో సగం నీళ్లే. పేడ, కూరగాయల చెత్త లాంటి తడి సరుకు అయితే గ్యాసిఫయర్ మాట మర్చిపోయి బయోగ్యాస్ దారి చూసుకోవాలి. "మా మిషన్ ఏ బయోమాస్ అయినా తీసుకుంటుంది" అన్నవాడి దగ్గర టీ తాగి వచ్చేయ్.

ఇప్పుడు వెళ్లు ప్రొఫెసర్ల దగ్గరికి. మల్లేశ్వరం పక్కనే ఐఐఎస్సీ ఉంది, బయోమాస్ గ్యాసిఫికేషన్ మీద దశాబ్దాల పని అక్కడ జరిగింది. ఆక్సిజన్, ఆవిరి పంపి కిలో బయోమాస్ నుంచి 100 గ్రాముల హైడ్రోజన్ తీసే పద్ధతిని 2022లో ప్రకటించారు. కిలో బయోమాస్‌లో ఉండే హైడ్రోజన్ దాదాపు 60 గ్రాములే, మిగతాది ఆవిరి నుంచి వస్తుంది. నీ స్లైడులో 100 అని వేసి ఊరుకున్నావు. అది జాగ్రత్తగా నడిపిన వ్యవస్థలో వచ్చిన అంకె, మీ ప్లాంటులో ఎంత వస్తుందన్నది వేరే ప్రశ్న, దాన్ని వాళ్లనే అడుగు. "ఏ సరుకుతో, ఎంత తేమతో, ఆపకుండా ఎన్ని గంటలు నడిపితే ఇది వచ్చింది, ఆవిరి తక్కువైతే ఎంతకి పడుతుంది?" అని. శాస్త్రవేత్తలకి ఇలాంటి ప్రశ్నలంటే ఇష్టం. "మాకు గైడెన్స్ కావాలి సార్" అనే మెయిళ్లు వాళ్లకి రోజూ వస్తాయి, జవాబు రాయడానికి వాటిలో ఏమీ ఉండదు. నువ్వు పది లైన్లలో ఒక ప్రశ్న, దానికి నువ్వు చేసిన లెక్క, ఎక్కడ ఆగిపోయావో రాయి. అటాచ్‌మెంట్ పెట్టకు.

సబ్సిడీ గురించి చెప్పే కన్సల్టెంట్లు ఊరికొకరు ఉన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్లే ముందు ఇది తెలుసుకుని వెళ్లు. నేషనల్ గ్రీన్ హైడ్రోజన్ మిషన్‌కి 2023 జనవరిలో 19,744 కోట్లతో ఆమోదం వచ్చింది. అదే ఏడాది ఆగస్టులో ఇచ్చిన నిర్వచనంలో బయోమాస్ నుంచి తీసింది కూడా గ్రీన్ హైడ్రోజనే, కాకపోతే కిలో హైడ్రోజన్‌కి ఉద్గారాలు ఏడాది సగటున 2 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కి సమానమైనదాన్ని దాటకూడదు. మీ ఆక్సిజన్ ప్లాంటు, కంప్రెసర్ ఏ కరెంటుతో నడుస్తాయో ఆ లెక్కలోకి వస్తుంది, అది అడుగు. ఇంకోటి. మొదటి విడత ప్రోత్సాహకాల వేలంలో బయోమాస్ కోసం ఏడాదికి 40,000 టన్నులు విడిగా పెడితే, తీసుకున్నది భారత్ పెట్రోలియం ఒక్కటే, అదీ 2,000 టన్నులకి. అంత పెద్ద పెద్ద కంపెనీలు ఎందుకు రాలేదని కన్సల్టెంట్‌ని అడిగి చూడు. కారణాలు చెప్పగలిగితే ఆ మనిషికి ఫీజు ఇవ్వొచ్చు. అన్నట్టు, మిషన్లవాళ్ల దగ్గర కమిషన్ తీసుకుంటూ నీ దగ్గర ఫీజు తీసుకునేవాళ్లు ఉంటారు, పెళ్లిళ్ల పేరయ్య రెండు వైపులా తాంబూలం అందుకున్నట్టు. "సప్లయర్ల దగ్గర మీకేమైనా వస్తుందా" అని మొహం మీదే అడిగేయ్, మొహమాటపడకు.

భద్రత విషయంలో మాత్రం ఫ్రీ సలహా వద్దు, డబ్బులిచ్చి తీసుకో. గాలిలో 4 నుంచి 75 శాతం వరకు ఎంత కలిసినా హైడ్రోజన్ అంటుకుంటుంది, పగటి వెలుగులో ఆ మంట సరిగ్గా కనపడదు. సింగ్యాస్‌లోని మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, మనిషిని చంపుతుంది. సిలిండర్లు, ప్రెషర్ ట్యాంకులు అంటే పెసో (పేలుడు పదార్థాల భద్రత చూసే కేంద్ర సంస్థ) అనుమతులు, దానికి తోడు పొల్యూషన్ బోర్డు. డ్రాయింగులు అయ్యాక కాదు, స్థలం లీజు మీద సంతకం పెట్టకముందే ఈ పని తెలిసిన మనిషితో ఆ స్థలంలో నడిచి చూడు, ఎందుకంటే నిల్వకి వదలాల్సిన దూరాలు లెక్కేస్తే పీణ్యలో నువ్వు చూసిన ఆ షెడ్డులో మిషన్ పెట్టడానికి చోటు మిగలదని నా అనుమానం. కొనేవాడి ఆవరణలోనే ప్లాంటు పెట్టి పైపులో ఇచ్చే మాట కూడా అప్పుడు వస్తుంది. ఇంకో చిట్కా, ఎవరూ చెప్పరు: ఇన్సూరెన్స్ సర్వేయర్‌తో ముందే మాట్లాడు. ఏ ప్లాంటులో ఏది తగలబడిందో, ఎందుకు తగలబడిందో ఆయన చూసి ఉంటాడు, పైగా నీకేమీ అమ్మడు.

నడుస్తున్న గ్యాసిఫయర్లు చూడ్డానికి వెళ్తావు కదా, కంపెనీవాళ్లు చూపించిన చోటికే కాకుండా, వాళ్లు అమ్మినా ఇప్పుడు నడవని చోటికి కూడా వెళ్లు. అక్కడ ఓనర్‌ని వదిలేసి ఆపరేటర్‌తో మాట్లాడు. "ఏది ఎక్కువసార్లు ఆగేది, ఫిల్టర్ ఎన్నాళ్లకి మార్చేవాళ్లు, బూడిద ఎవరు తీసేవాళ్లు, తారు నీళ్లు ఎక్కడ పోసేవాళ్లు?" ఆ చివరి ప్రశ్నకి జవాబు మెల్లగా వస్తుంది, తొందరపెట్టకు. తుమకూరు రోడ్డులో ఎగ్జిబిషన్ సెంటర్‌లో ఎనర్జీ షోలు జరుగుతుంటాయి, ఇప్పుడు మెట్రో కూడా మాదవర దాకా ఉంది, వెళ్లు. మొదటిరోజు కాదు, ఆఖరి రోజు మధ్యాహ్నం. అప్పటికి బ్రోషర్లు అయిపోయి ఉంటాయి, సేల్స్ వాళ్లు అలిసిపోయి ఉంటారు, స్టాల్ వెనక కూర్చున్న సర్వీస్ ఇంజనీర్ తీరిగ్గా దొరుకుతాడు.

రిఫైనరీల్లో, ఎరువుల ఫ్యాక్టరీల్లో హైడ్రోజన్ ప్లాంటు నడిపి రిటైరైనవాళ్లు ఈ ఊళ్లో, చెన్నైలో చాలామంది ఉంటారు, పిల్లల దగ్గర. వాళ్లకి "అడ్వైజర్" పదవీ షేర్లూ ఇస్తామనకు, ఇబ్బంది పెట్టినట్టవుతుంది. రోజుకింత అని ఫీజు, క్యాబ్, మంచి భోజనం, ముందే పంపిన ప్రశ్నలు, ఇవి చాలు. వాళ్లు తయారుచేసింది సహజవాయువు నుంచి కాబట్టి నీ పొట్టు గురించి తెలియకపోవచ్చు, కానీ షిఫ్ట్ రియాక్టర్, పీఎస్‌ఏ, కంప్రెసర్ దగ్గర వాళ్ల మాటకి తిరుగులేదు. పెద్దాయన ఏదైనా వద్దంటే వాదించకు, ఎందుకు వద్దో మూడుసార్లు మూడు రకాలుగా అడుగు.

ఎవరితో మాట్లాడినా ఆ రాత్రే వాళ్లు చెప్పింది అర పేజీలో రాసి వాళ్లకే పంపు, "నేను సరిగ్గానే అర్థం చేసుకున్నానా" అని. సగంమంది సరిదిద్దుతారు, ఆ దిద్దుబాట్లలోనే అసలు సమాచారం ఉంటుంది. బ్యాంకు మేనేజర్ దగ్గరికి ఇవన్నీ అయ్యాకే వెళ్లు. ఆయన హైడ్రోజన్ గురించి అడగడు, కొనేవాడి ఉత్తరం ఏదీ, మిషన్ గ్యారంటీ ఏదీ, పొట్టు ఒప్పందం ఏదీ అంటాడు, అప్పటికి ఆ మూడూ నీ ఫైల్లో ఉండాలి.

వచ్చే ఆదివారం పావగడ వెళ్తానన్నావని అక్క చెప్పింది. నన్ను కూడా ఎక్కించుకో, మిల్లువాళ్లతో బేరం నేను మాట్లాడతాను. నువ్వు తేమ కొలిచే మీటరు తీసుకురా, లోడు కాటా దగ్గరికి వచ్చాక కాదు, గోడౌన్‌లో ఉండగానే అడుగున చెయ్యి పెట్టి కొలవాలి.

మామయ్య