కనికరాన్ని కాగితం మీద అడుగు

తమ్ముడికి ఆశీస్సులు.

దేవరకొండ కోర్టులో సొంతంగా వకాల్తాలు వేస్తున్నావు కాబట్టి ఈ ముచ్చట ఇప్పుడే చెప్పాలి. నేరం రుజువయ్యాక శిక్ష గురించి ఏమంటారని జడ్జిగారు అడిగినప్పుడు మన వకీళ్లలో చాలామంది "పేదోడు సార్, పిల్లలున్నరు, జర కనికరించండి" అని కూర్చుంటారు. జడ్జికి జాలి ఉండొచ్చు. కానీ ఏ సెక్షన్ కింద, ఏ ఆధారంతో వదిలారో తీర్పులో రాయాలి కదా. ఆ సరుకు నువ్వే అందించాలి.

అంతకన్నా ముందు రాజీ కుదురుతుందేమో చూడు. గెట్టు పంచాయితీలో చేయి చేసుకున్న కేసు, చిన్న దొంగతనం లాంటివాటిలో ఫిర్యాది ఒప్పుకుంటే రాజీ పిటిషన్ వేసుకోవచ్చు. రాజీ పడితే ముద్దాయి నిర్దోషిగా విడుదలైనట్టే. శిక్ష ఎంత తగ్గినా దానికి సాటి రాదు. లోక్ అదాలత్ తేదీ దగ్గరుంటే అందులో పెట్టించు. ఊరి పెద్దలు మెడ మీద కూర్చుని ఫిర్యాదితో ఒప్పిస్తే మాత్రం బోనులో అతను అడ్డం తిరుగుతాడు. ముందే విడిగా మాట్లాడి చూడు.

రాజీ కుదరకపోతే చార్జిషీట్‌లో ఏ సెక్షన్ ఉందో చూడు. 2024 జూలై 1 నుంచి జరిగిన నేరాలకు భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. అందులో 303(2) కింద, సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, శిక్ష పడటం అదే మొదటిసారి అయి, సొత్తో దాని విలువో తిరిగి ఇచ్చేస్తే శిక్ష సమాజ సేవే. జైలు మాట లేదు. ఇక్కడే ఒక మెలిక ఉంది. చేన్లో పడి ఉన్న బోరు కేబుల్ ఎత్తుకుపోతే 303. సామాన్లు దాచుకునే మోటారు గదిలోంచి స్టార్టర్ ఎత్తుకుపోతే 305 పెడతారు, దానికి ఈ వెసులుబాటు లేదు. పంచనామా చదివి, సొత్తు ఎక్కడ ఉండగా పోయిందో, విలువ ఎంత కట్టారో చూసుకో. పాత కేబుల్‌కు కొత్త దాని ధర రాస్తే 5,000 ఇట్టే దాటిపోతుంది. సాక్షిని క్రాస్ ఎగ్జామినేషన్ చేసేటప్పుడు ఆ లెక్క అడగకుండా చివర్లో అడిగితే ఎవరూ వినరు.

ఇక దోషిని జైలుకు పంపకుండా వదిలే దారి చూపేది 1958 నాటి ప్రొబేషన్ చట్టం. 3వ సెక్షన్ కింద మందలించి వదిలేయొచ్చు, కాకపోతే పాత శిక్ష ఏదీ ఉండకూడదు. 4వ సెక్షన్ కింద మంచి నడతకు బాండ్ రాయించుకుని వదులుతారు, గడువు మూడేళ్లకు మించదు. మరణశిక్షో యావజ్జీవమో పడగల నేరాలకు ఇది వర్తించదు. 4కు కూడా మొదటి నేరమే కావాలని చాలామంది అనుకుంటారు, చట్టంలో ఆ మాట లేదు. అట్లని పాత కేసును దాచకు, ఏపీపీ (సర్కారు వకీలు) దగ్గర దాని చిట్టా ఉంటుంది.

21 ఏళ్ల లోపు వాళ్లకు అదే చట్టంలో 6వ సెక్షన్ ఉంది. జైలుకు పంపాలంటే జడ్జి కారణాలు రాయాలి, ప్రొబేషన్ ఆఫీసర్ రిపోర్టు తెప్పించుకోవాలి. ఈ వయసును నేరం నాటికి చూడరు, కోర్టు దోషి అని తేల్చిన నాటికి చూస్తారు. సుప్రీంకోర్టు ఎప్పుడో ఈ మాట చెప్పింది. పంతొమ్మిదేళ్ల పిల్లాడి కేసులో నువ్వు వాయిదాల మీద వాయిదాలు తీసుకుంటే ఆ రక్షణ నీ చేతులతోనే పోతుంది. బాలల చట్టంలో లెక్క వేరు. నేరం నాటికి 18 నిండకపోతే ఎప్పుడైనా ఆ మాట లేవనెత్తవచ్చు. బడి సర్టిఫికెట్‌తో మొదలుపెట్టు, ఎముకల పరీక్ష ఆఖరి దారి.

4వ సెక్షన్‌లో మన పాలమూరు, నల్లగొండ వాళ్లకు ఎక్కువగా తగిలే దెబ్బ స్థిర నివాసం. ముద్దాయికో అతనికి జామీను ఉండే జమానత్‌దారుకో కోర్టు పరిధిలో గానీ, బాండ్ కాలంలో ముద్దాయి ఉండబోయే చోట గానీ, స్థిరమైన ఇల్లో క్రమమైన పనో ఉండాలి. బొంబాయి వలస పోయినవాడైతే ఈ ప్రశ్న తప్పదు. మేస్త్రీ రాసిచ్చిన కాగితం, ఊళ్లో రేషన్ కార్డు, జమానత్‌దారు పట్టా పాసుబుక్ ముందే జతచెయ్యి. ప్రొబేషన్ ఆఫీసర్ ఊరికి వచ్చే రోజు ఇంట్లో ఎవరో ఒకరు ఉండేట్టు చూడు. తాళం వేసిన ఇల్లు చూసి ఆయన ఏం రాస్తాడు?

గంజాయి కేసులోనూ, ఎస్సీ ఎస్టీ అత్యాచారాల కేసులోనూ 18 దాటినవాళ్లకు ప్రొబేషన్ అడగకు. ఆ చట్టాలే అడ్డంగా ఉన్నాయి. గంజాయి చట్టంలో 26, 27 సెక్షన్లకే మినహాయింపు.

సర్కారు ఉద్యోగి అయితే నిజం చెప్పు. ప్రొబేషన్ చట్టం 12వ సెక్షన్ నేరం రుజువైనందుకు వచ్చే అనర్హతను తీసేస్తుంది గానీ శాఖాపరమైన చర్యను ఆపదని సుప్రీంకోర్టు 1990లో తేల్చింది. "ప్రొబేషన్ వచ్చింది, ఇక ఉద్యోగం పదిలం" అని హామీ ఇస్తే రేపు నీ ఆఫీసు ముందుకొచ్చి కూర్చుంటాడు.

ప్రొబేషన్ అడిగే మెమో ఒక పేషీ ముందే వేసి, కాపీ ఏపీపీకి ఇవ్వు. కింది కోర్టు కాదంటే అదే చట్టం 11వ సెక్షన్ కింద అప్పీలు కోర్టు కూడా ప్రొబేషన్ ఇవ్వొచ్చు. సెషన్స్ కోర్టుకు అప్పీలు గడువు 30 రోజులు. తీర్పు రోజున శిక్ష నిలుపుదల పిటిషన్ టైపు చేయించి, జమానత్‌దార్లను కోర్టు ఆవరణలోనే కూర్చోబెట్టుకో. వాళ్లు బస్సు దొరకలేదని మూడింటికి వస్తే, ముద్దాయిని అప్పటికే జైలుకు తీసుకుపోయి ఉంటారు.