బిళ్ల మీద గీత: గీరుకుపోయిందా, అచ్చులోనే పడిందా?

తమ్మీ, నీ దగ్గర రెండు బిళ్లలున్నాయన్నావు. ఒకటి ఐదు రూపాయలది, సింహం తల మీదుగా సన్నగా గీత ఉంది. రెండోది రూపాయి, తిప్పితే వెనక వైపు వంకరగా వస్తోంది. లక్షలు పలుకుతాయా అని అడిగావు. పలకవు, ఇలాంటి బిళ్లలకు లక్షలొస్తాయని చెప్పే ఆ వీడియోలు చూడడం ఆపెయ్.

నాది నల్లగొండ ప్రకాశం బజార్ దగ్గర కిరాణా కొట్టు, గల్లాపెట్టెలో చిల్లర వేరుచేస్తూ చేస్తూ ఈ తప్పు బిళ్లలు వెతికే పిచ్చి పట్టింది. ముందు ఆ గీత మీద గోరు ఆనించి చూడు. గోరు లోపలికి దిగితే ఎవడో గీకాడు, అంతే. గీత పైకి ఉబ్బి తగిలితే మాత్రం అది మింట్‌లో, అంటే బిళ్లలు తయారుచేసే సర్కారు టంకశాలలో పడ్డదే. బిళ్లను కొట్టే ఉక్కు అచ్చును డై అంటారు, దెబ్బ మీద దెబ్బ తిని అది పగులుతుంది, తర్వాత కొట్టే ప్రతి బిళ్లలోని లోహం ఆ పగుల్లోకి ఎక్కి గీతలా నిలబడుతుంది. కాబట్టి అదే గీత అదే చోట ఇంకో బిళ్ల మీద కూడా దొరకాలి. నాకు మొదటిసారి ఇలాంటిది దొరికినప్పుడు మురికి అనుకొని చింతపండు పెట్టి తళతళలాడేదాకా తోమాను! నెల తర్వాత గల్లాలో దాని జోడు దొరికింది, బిళ్ల మీది సంవత్సరం కూడా అదే, సింహం చెవి దగ్గర మొదలై అంచుదాకా అదే గీత. రెండూ తీసుకొని హైదరాబాద్‌లో ఒక వ్యాపారి దగ్గరికి పోతే, తోమనిదానికి యాభై రూపాయలు ఇస్తానన్నాడు, తోమినదాన్ని కనీసం చేత్తో కూడా ముట్టుకోలేదు. అందుకే నీది కడగకు, బట్టతో కూడా తుడవకు.

ఇక రూపాయి. సింహాలు నిటారుగా ఉండేట్టు పైనా కిందా రెండు వేళ్లతో పట్టుకొని తలుపు తిప్పినట్టు పక్కకు తిప్పు. మన బిళ్లల్లో వెనక వైపు కూడా నిటారుగానే రావాలి. పది, పదిహేను డిగ్రీలు వాలితే ఎవరూ పట్టించుకోరు. పూర్తిగా అడ్డం పడితేనో తలకిందులైతేనో దాచుకో, అచ్చు బిగించడంలో జరిగిన తప్పది.

రెండు వైపులా సింహాలే ఉన్న బిళ్ల అని ఎవరైనా అమ్మజూపితే ఒకటే చూడు. అచ్చులో ఇరుక్కుపోయిన బిళ్ల మీదే కొత్త బిళ్ల పడితే రెండో వైపు బొమ్మ లోపలికి గుంటలా, అద్దంలో చూసినట్టు తిరగేసి వస్తుంది. దీన్నే హిందీ వ్యాపారులు లఖీ అంటారు. రెండు వైపులా బొమ్మ ఉబ్బెత్తుగా ఉంటే రెండు బిళ్లలు కోసి అతికించారేమో అని అంచు లోపల అతుకు వెతుకు. అంచు కొరికినట్టున్న బిళ్లకైతే ఎదురు అంచు చూడాలి, నిజంగా మింట్‌లో తెగినదైతే అక్కడ గట్టు పలచబడి ఉంటుంది, ఆకురాయితో రాసినదానికి అది రాదు. సంవత్సరం అంకెల కింద చుక్కల్లాంటి గుర్తులు తప్పులు కావు, నక్షత్రం ఉంటే మన హైదరాబాద్ మింట్‌ది, అంతే.

నాకు తప్పుల కన్నా అచ్చు తేడాలే ఎక్కువ ఇష్టం. మా నాయనమ్మ పెట్టెలో నిజాంల కాలంనాటి చార్మినార్ బొమ్మ రూపాయలు నాలుగు ఉండేవి, ఏళ్ల తరబడి అన్నీ ఒకటే అనుకున్నాను. భూతద్దం పెడితే ఒకదాంట్లో చార్మినార్ ద్వారంలో మీమ్ అనే ఉర్దూ అక్షరం ఉంది, అంటే నిజాం మహబూబ్ అలీ ఖాన్‌ది. మిగతా మూడింట్లో తర్వాతి నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ కోసం ఐన్ అనే అక్షరం ఉంది, అందులోనూ ఒకదాని ఐన్ పొట్టిగా ఉంది. ఆయన 1911లో గద్దెనెక్కాక తొలినాళ్లలో కొట్టినవాటిలో ఈ పొట్టి ఐన్, నిండు ఐన్ రెండూ ఉన్నాయి. తప్పు కాదది, అచ్చు మార్చారు.

నీ ఐదు రూపాయల బిళ్లను పగటి వెలుతురులో కొంచెం వాల్చి ఫోటో తీసి పెట్టు, సంవత్సరం కనపడాలి. నా జోడుతో పోల్చి చెప్తాను.