మా ఇంటికి లాబ్రడారా, పగ్గా?

ప్రశ్న: డాక్టరు గారికి నమస్తే. మాది రాజోలు దగ్గర పల్లెటూరు. పెంకుటిల్లు, చుట్టూ కొబ్బరితోట, పెరట్లో కోళ్లు. ఏసీ లేదు. మా బాబు కుక్కపిల్ల కావాలని ఏడాదిగా అడుగుతున్నాడు. వాడికి లాబ్రడార్ ఇష్టం. మావారేమో "అంత పెద్దదాన్ని మేపలేం, పగ్ అయితే ఖర్చు తక్కువ" అంటున్నారు. నెలకి మూడు వేలకి మించి పెట్టలేం. ఏది తెచ్చుకోమంటారు?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, తిండి వరకు మీవారి మాట నిజమే. ఎదిగిన లాబ్రడార్ 25 నుంచి 36 కిలోలు తూగుతుంది, పగ్ 6 నుంచి 8 కిలోలు. ప్యాకెట్ తిండే పెడితే లాబ్రడార్‌కి నెలకి సుమారు 11 కిలోలు, పగ్‌కి నాలుగు కిలోలు కావాలి. మందులూ బరువుని బట్టే. నట్టల మాత్ర సాధారణంగా పది కిలోలకి ఒకటి. పగ్‌కి ఒకటి సరిపోయే చోట లాబ్రడార్‌కి మూడు వేయాలి. టీకా మాత్రం రెండింటికీ ఒకటే డోసు.

ఇంతవరకే అయితే పగ్‌నే తెచ్చుకోమనేవాణ్ణి. ఏసీ లేదని రాశారు చూడండి, నా బెంగంతా అక్కడే.

కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక బయటపెట్టి రొప్పుతూ, ఆ తడి ఆరితేనే చల్లబడుతుంది. పగ్‌కి మూతి నొక్కుకుపోయి ఉంటుంది, ముక్కు రంధ్రాలు సన్నం, గాలి సరిగ్గా ఆడదు. పైగా మన కోనసీమ ఉక్క. గాలే తడిగా ఉంటే నాలుక మీద తడి ఎలా ఆరుతుంది?

రెండేళ్ల కిందట రోహిణి కార్తెలో ఒక పెళ్లింటివాళ్లు పగ్‌ని ఒళ్లో పెట్టుకుని ఆటోలో తెచ్చారు. ఎండలో ఉంచలేదు, వరండాలో నీడలోనే కట్టారట. పక్కన నీళ్లూ పెట్టారు. నాలుక నేరేడుపండు రంగుకి తిరిగిపోయింది. కుక్కకి మామూలుగా 101, 102 డిగ్రీలుండాలి, థర్మామీటరు 108 చూపించింది. బోరు నీళ్లతో తడిపాం, ఫ్యాను పెట్టాం, సెలైన్ ఎక్కించాం. వేడి దిగింది గానీ రాత్రికి నెత్తుటి విరేచనాలు పట్టుకుని, తెల్లారేసరికి పోయింది. "నీళ్లు పెట్టాం కదండీ" అంది ఆ ఇంటి పాప. ఆ పిల్లకి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

అందుకే పగ్ ఖర్చులో ఏసీ, కరెంటు బిల్లు, కరెంటు పోతే ఇన్వర్టరు కూడా వేసుకోవాలి. మీ పెరట్లో కోళ్లున్నాయి కదా, పగ్ కళ్లేమో బయటికి పొడుచుకొచ్చినట్టుంటాయి. పిల్లల కోడి ఒక్కసారి మీదికొచ్చి పొడిచిందంటే కన్ను పోవచ్చు. మొహం మీది ముడతలు రోజూ తుడిచి పొడిగా ఉంచకపోతే పుండ్లు పడతాయి.

లాబ్రడార్‌కి జబ్బులు లేవని కాదు. దాని ఇబ్బంది ఆకలి. దాదాపు ప్రతి నాలుగింటిలో ఒకదానికి, కడుపు నిండినా ఇంకా తినాలనిపించే జన్యుమార్పు ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు కనిపెట్టారు. అది మీ మొహంలోకి చూస్తూ కూర్చుంటే ఇంకో ముద్ద పెట్టాలనిపిస్తుంది. దయచేసి పెట్టకండి. ఒళ్లు పెరిగితే తుంటి కీళ్లు అరుగుతాయి, అప్పుడు ఎక్స్‌రేలకీ నొప్పి మందులకీ తిరగాలి. మనుషుల నొప్పి మాత్రలు మాత్రం ఎన్నడూ వేయొద్దు.

నీళ్లు కనిపిస్తే కాలువలోకి దూకేస్తుంది. వచ్చాక చెవులు పొడిగుడ్డతో తుడవాలి, లేకపోతే చీము పడుతుంది. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో ఎలుక జ్వరం వస్తుంది, అది మనుషులకీ అంటుతుంది. వరి చేలు, వరద నీళ్లు ఉన్న మన దగ్గర ఆ జ్వరం టీకా కూడా కలిసిన సెవెన్ ఇన్ వన్ సూది ఏటా వేయించాల్సిందే. రేబిస్ టీకా ఏటా జూలై 6న ప్రభుత్వ పశువైద్యశాలల్లో ఉచితంగా వేస్తారు. గోమార్ల బెడద రెండింటికీ ఉంటుంది.

పూర్తిగా ప్యాకెట్ తిండే అయితే మీ మూడు వేలూ దానికే అయిపోతాయి. ఏడాది నిండాక సగం ఇంటి తిండికి మార్చండి: అన్నం, ఎముకల్లేని ఉడికిన కోడిమాంసం, గుడ్డు, సొరకాయ, క్యారెట్. గుడ్లకి మన దగ్గర కొదవ లేదు. ఉల్లిపాయ తగలనివ్వకండి. పిల్లగా ఉన్నప్పుడు మాత్రం పెద్దజాతి పిల్లల ప్యాకెట్ తిండే పెట్టండి, ఆ ఏడాది బడ్జెట్ కాస్త దాటుతుంది. దాని మీద కాల్షియం టానిక్ పోయకండి, ఎముకలు వంకర పోతాయి.

నా మాటైతే లాబ్రడారే. బాబుని వెంటబెట్టుకుని వెళ్లి, పిల్ల కంటే ముందు తల్లిని చూడండి. లేచేటప్పుడు వెనక కాళ్లు ఈడ్చినా, నడుము ఊపుతూ కుందేలులా గెంతినా అది తుంటి కీళ్ల లోపం కావచ్చు, పిల్లలకీ రావచ్చు; అక్కడ కొనకుండా వచ్చేయండి.