“ఆయ్, బాగుందండి” అన్న జవాబును ఏం చేసుకుంటావు?

చిరంజీవి అమ్మాయికి మావయ్య ఆశీస్సులతో రాయునది.

రొయ్యల చెరువుల దగ్గర ఆక్సిజన్ రీడింగులు, మేత లెక్కలు ఎక్కించుకునే ఫోన్ యాప్ మీద ఎం.టెక్. ప్రాజెక్టు చేస్తున్నావనీ, యాప్ ముప్పాతిక వంతు తయారైందనీ, దాన్ని వాడి చూడటానికి భీమవరం చుట్టుపక్కల పదిమంది రైతులను చూసిపెట్టమనీ రాశావు. రైతులకు ఇక్కడ కొదవ లేదు గాని, నీ ఉత్తరం రెండుసార్లు చదివినా నీ పరిశోధన ప్రశ్న ఏమిటో నాకు అంతుపట్టలేదు. యాప్ పనిముట్టు మాత్రమే. దాని సాయంతో మనుషుల గురించి ఏం తెలుసుకున్నావన్నదే వైవాలో అడుగుతారు. గైడుగా ఉన్న తొలి సంవత్సరాల్లో నేను ఒక విద్యార్థి చేత నెలల తరబడి యాప్ స్క్రీన్ల మీద స్క్రీన్లు కట్టించి, మనుషుల దగ్గరకు పంపడానికి తొమ్మిది రోజులే మిగిల్చాను. ఆ థీసిస్‌లో ఫలితాల అధ్యాయం నాలుగు పేజీలు దాటలేదు, తప్పు నాదే.

ముందుగా ఆ యాప్ ఎవరి చేతిలో ఉంటుందో చూడు. రాత్రి ఎండ ఉండదు కనుక నీటిలోని నాచు ఆక్సిజన్‌ను తయారు చేయదు, చెరువులో ఉన్న ప్రాణులన్నీ మాత్రం పీల్చుకుంటూనే ఉంటాయి. అందుకే తెల్లవారబోయే ముందు రీడింగు బాగా దిగిపోతుంది. ఆ వేళ గట్టు మీద మీటరు ముంచి, నీటిలో గాలి కలిపే ఏరేటర్ల సంగతి చూసేది కాపలా మనిషే గాని, ఇంట్లో నిద్రపోతున్న రైతు కాదు. అతని ఒక చేతిలో టార్చిలైటు ఉంటుంది, రెండో చెయ్యి తడిగా ఉంటుంది, తడి వేలిని టచ్ స్క్రీన్ సరిగా పట్టుకోదు. మధ్యాహ్నం అరుగు మీద ఫ్యాను కింద పెట్టే పరీక్షలో ఇవేవీ నీకు కనిపించవు.

ఇంకొక చిక్కు మన గోదావరి మర్యాదతో వస్తుంది. యాప్ ఎలా ఉందని అడిగితే “ఆయ్, బాగుందండి” అంటారు. కాలేజీ నుంచి పనిగట్టుకుని వచ్చిన పిల్లను చిన్నబుచ్చడం ఇక్కడ ఎవరికీ ఇష్టం ఉండదు. వాడటం ఎంత సులువో కొలిచే సిస్టమ్ యూజబిలిటీ స్కేల్‌లోని పది వాక్యాలకు మార్కులు వేయించుకుంటానన్నావు. జాన్ బ్రూక్ 1986లో తయారుచేసిన ఆ పట్టికలో మెచ్చుకునే వాక్యం, తప్పుపట్టే వాక్యం ఒకదాని తరువాత ఒకటిగా వస్తాయి కాబట్టి, అన్నిటికీ పూర్తిగా ఒప్పుకునే మనిషి లెక్క నూటికి సరిగ్గా 50 దగ్గర తేలుతుంది. ఆ 50 నీ యాప్ గురించి ఏమీ చెప్పదు. అందుకని అభిప్రాయం అడగడం తగ్గించి పని అప్పగించు. “మూడో చెరువులో ఆక్సిజన్ 3.2 వచ్చింది, ఎక్కించండి” అని చెప్పి, వేలు ఎక్కడ ఆగిందో, ఎన్నిసార్లు వెనక్కి వెళ్లాడో, ఎంతసేపు పట్టిందో రాసుకో. అతను తడబడినప్పుడు చూపించాలని నీకు ప్రాణం కొట్టుకుంటుంది; ఓర్చుకో.

ఇలాంటి పరీక్షకు ఐదుగురు చాలునన్న మాట, వాడుక సౌలభ్యం మీద పనిచేసే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2000లో రాసిన వ్యాసంతో బాగా వ్యాపించింది. అది ఒక డిజైన్‌లో లోపాలు వెతికి దిద్దుకోవడానికి చెప్పిన లెక్క; నోటితో చెప్పి ఎక్కించడం వేగమా, వేలితో ఎక్కించడం వేగమా అని తేల్చడానికి అది సరిపోదు. పోల్చేటప్పుడు సగంమందికి ఒకటి, మిగిలిన సగానికి రెండోది ముందుగా ఇవ్వు. లేకపోతే రెండోసారి వచ్చిన వేగం అలవాటు వల్లనో డిజైన్ వల్లనో చెప్పలేవు.

మీ గైడుకు పదిహేను రోజులకొకసారి ఒక్క పేజీ రాసి ఇవ్వు, అడిగేదాకా ఆగకు. మనుషులతో చేసే పరిశోధనలను పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చాకే గట్టు ఎక్కు. యజమాని పక్కన నిలబడి ఉండగా కాపలా మనిషి ఇచ్చే ఒప్పుదల ఒప్పుదల కాదు. అతన్ని విడిగా కూర్చోబెట్టి, పత్రం తెలుగులో చదివి వినిపించి, మధ్యలో వద్దనిపిస్తే మానుకోవచ్చని చెప్పాలి.

అనుమతి చేతికి రాగానే ఒక శనివారం సాయంత్రానికి వచ్చెయ్యి. అత్తయ్య వంట చేసి ఉంచుతుంది, మూడింటికి లేచి ఇద్దరం చెరువు దగ్గరకు వెళదాం. యాప్ స్క్రీన్ల బొమ్మలు కాగితం మీద గీసి తెచ్చుకో, లాప్‌టాప్ మాత్రం హాస్టల్లోనే వదిలిపెట్టు.

ఇట్లు,
మీ మావయ్య